పక్కన నడిచేవాడి హక్కు

2014 అక్టోబరు 12ను విశాఖపట్నం వాసులు మరచిపోలేరు. ఆ రోజు తీరం దాటిన పెనుతుఫాను నగరంలోని చెట్లను కూకటివేళ్ళతో పెకలించింది. విమానాశ్రయం పైకప్పును చీల్చివేసింది. రోజుల తరబడి ఇళ్ళకు కరెంటు లేదు, కుళాయిలో నీళ్ళు లేవు. ఆ తుఫానుకు పెట్టిన పేరు హుద్‌హుద్. ఒమన్ దేశం సూచించిన పేరది. మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన పేరే. హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) కొలువులో ఉన్న పక్షి ప్రస్తావన సూరహ్ నమ్ల్‌లో వస్తుంది. హాజరు కాలేదని ఆయన ఆగ్రహించినప్పుడు ఆ చిన్న ప్రాణి వచ్చి, తాను సబా దేశం నుంచి నిశ్చయమైన వార్త తెచ్చానని విన్నవించుకుంది. దాని గొప్పతనమంతా ఆ వార్తలోనే ఉంది.

తుఫాను కథ విశాఖతో ముగియలేదు. అది బలహీనపడి ఉత్తరానికి కదిలి, రెండు రోజుల తర్వాత, అక్టోబరు 14న నేపాల్‌లోని హిమాలయాలకు చేరింది. ఇక్కడ వాన కురిపించిన మేఘమే అక్కడ మంచు కురిపించింది. ఆ సమయంలో అన్నపూర్ణ పర్వతాల చుట్టూ తిరిగే కాలిబాట మీద వందలాది మంది ఉన్నారు. వారిలో చాలామంది ఆ తెల్లవారుజామునే థొరాంగ్ లా అనే కనుమ దాటడానికి బయలుదేరారు. కొన్ని గంటల్లోనే దారి కనబడకుండా పోయింది. నడుములోతు మంచులో కొందరు చలికి గడ్డకట్టుకుపోయారు, కొందరు హిమపాతాల కింద కప్పబడిపోయారు. ఆ ప్రాంతమంతటా కలిపి కనీసం 43 మంది చనిపోయారు. విదేశీయులు, భారతీయులు, నేపాలీ గైడ్లు, బరువులు మోసే పోర్టర్లు, పశువుల కాపరులు, అందరూ వారిలో ఉన్నారు. సైన్యం హెలికాప్టర్లు వందలాది మందిని కిందికి చేర్చాయి.

ఆంధ్ర, ఒడిశా తీరాలకు తుఫాను కబురు ముందే అందింది. లక్షలాది మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. కనుమ కింద నిద్రపోతున్న చాలామందికి మాత్రం ఆ కబురు చేరలేదు. తుఫాను పేరు హుద్‌హుద్, కాని వార్త మోసుకుపోయే హుద్‌హుద్ ఆ కొండల్లో లేకపోయింది.

పదేళ్ళు దాటిన ఈ సంఘటనను ఇప్పుడు ఎందుకు తవ్వుతున్నారని పాఠకులు అడగవచ్చు. కారణం ఉంది. నిజామాబాద్ జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ అదే 2014 మే 25న పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కినప్పటి నుంచి తెలుగు ఇళ్ళలో కొండల మాట బాగానే వినబడుతోంది. హైదరాబాదులో, విజయవాడలో ఉద్యోగాలు చేసుకునే మన యువకులు సెలవులు కూడబెట్టుకొని హిమాచల్‌కు, ఉత్తరాఖండ్‌కు, నేపాల్‌కు వెళుతున్నారు. వీపున సంచి కట్టుకొని పది రోజులు, పదిహేను రోజులు కొండల్లో నడిచి వస్తున్నారు. తల్లిదండ్రులేమో మౌల్వీ సాహెబు దగ్గరికి వచ్చి, మా అబ్బాయి ఇలా వెళతానంటున్నాడు, షరీఅత్‌లో ఇది ధర్మసమ్మతమేనా అని అడుగుతున్నారు.

ఈ ప్రశ్నకు సాధారణంగా రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి, ఇదంతా కాలాన్ని, డబ్బును దండగ చేయడం, ప్రాణంతో చెలగాటం, కనుక కూడదు. రెండోది, భూమిలో సంచరించి అల్లాహ్ సృష్టిని ఎలా ఆరంభించాడో చూడమని దివ్య ఖుర్ఆన్ సూరహ్ అన్‌కబూత్‌లో ఆదేశించింది కదా, కనుక ఇది పుణ్యకార్యమే. మొదటి జవాబు చెప్పేవారు ఎప్పుడూ కొండ ఎక్కి ఉండరు. రెండో జవాబు చెప్పే కుర్రవాడు ఆ ఆయతును టిక్కెట్లు కొన్న తర్వాతే వెతుక్కొని ఉంటాడు. రెండూ తొందరపాటు జవాబులే.

అసలు ఆ దారి ఎలాంటిదో ముందు తెలుసుకుందాం. తెలియని దాని మీద తీర్పు చెప్పడం ఫిఖ్హ్ కాదు.

అన్నపూర్ణ చుట్టుబాట మర్స్యాంగ్దీ నది లోయలో, బేసిసహర్ అనే చిన్న పట్టణం దగ్గర మొదలవుతుంది. అక్కడ ఎత్తు సముద్ర మట్టానికి 800 మీటర్లు కూడా ఉండదు. వరి మడులు, అరటి చెట్లు, మన కోనసీమ పల్లెల్లాగే ఉంటుంది. అక్కడి నుంచి నది పక్కనే పైకి నడిచిన కొద్దీ వరి పోయి మొక్కజొన్న వస్తుంది, అదీ పోయి దేవదారు అడవులు వస్తాయి, చివరికి చెట్టే లేని బోడి నేల మిగులుతుంది. మనాంగ్ గ్రామం ఎత్తు సుమారు 3,500 మీటర్లు. కనుమ కింద చివరి మజిలీ అయిన థొరాంగ్ ఫేదీ దాదాపు 4,500 మీటర్లు. కనుమ శిఖరం 5,416 మీటర్లు. అవతలి వైపు అదే రోజు దాదాపు 1,600 మీటర్లు దిగితే ముక్తినాథ్ వస్తుంది. మధ్యాహ్నమైతే కనుమ మీద గాలి తీవ్రమవుతుంది కాబట్టి తెల్లవారకముందే, చీకట్లో, నెత్తికి దీపం కట్టుకొని బయలుదేరతారు. 1977లో ఈ ప్రాంతాన్ని విదేశీయులకు తెరిచారు. ఒకప్పుడు మూడు వారాలు పట్టే నడక. ఇప్పుడు జీపు రోడ్డు చాలా దూరం వచ్చేసింది. అయినా కనుమను మాత్రం కాళ్ళతోనే దాటాలి.

అక్టోబరు నెల ఈ నడకకు అత్యుత్తమ కాలం. వర్షాలు వెనక్కి తగ్గి, ఆకాశం అద్దంలా తేటగా ఉంటుంది. 2014లో అంతమంది ఒకేసారి ఆ దారిలో ఉండడానికి కారణం అదే. నిర్లక్ష్యంగా చలికాలంలో పోయినవారు కారు వారు.

ఇక శరీరం సంగతి. 5,400 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదానిలో ఇంచుమించు సగమే. ఊపిరికి అందే ప్రాణవాయువూ అంతే. శరీరం దానికి అలవాటు పడుతుంది, కాని కొన్ని రోజులు కావాలి. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగమని వైద్యులు చెబుతారు. తొందరపడితే ముందు తలనొప్పి వస్తుంది, వాంతి వచ్చినట్టుంటుంది, నిద్ర పట్టదు. లెక్కచేయకుండా ఇంకా పైకి పోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు, మెదడు వాయవచ్చు. అప్పుడు కొన్ని గంటల్లోనే ప్రాణం పోవచ్చు. యవ్వనం, కండబలం దీన్ని ఆపలేవు. అసలైన చికిత్స ఒక్కటే, కిందికి దిగడం. 1973లో ఏర్పడిన హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ మనాంగ్‌లో ఒక చిన్న వైద్యశాల నడుపుతోంది. నడక కాలంలో అక్కడి డాక్టర్లు దారిన పోయేవారిని కూర్చోబెట్టి ఈ జబ్బు గురించే వివరిస్తారు.

ఇప్పుడు ధర్మశాస్త్రం దగ్గరికి వద్దాం.

కొండల్లో నడవడం దానంతట అది ముబాహ్. అంటే చేస్తే పుణ్యమనీ లేదు, మానితే పాపమనీ లేదు. దాన్ని నిషేధించడానికి చాలామంది సూరహ్ బఖరహ్ 195వ ఆయతును ముందుకు తెస్తారు. మనుషులు తమ చేతులారా తమను వినాశంలోకి నెట్టుకోరాదన్న ఆదేశం అందులో ఉంది. అయితే ఈ ఆయతును ప్రతి సాహసం మీదా కర్రలా ఎత్తడం సరికాదు. కాన్‌స్టాంటినోపుల్ దగ్గర ఒక వ్యక్తి ధైర్యంగా ముందుకు దూకినప్పుడు కొందరు ఇదే ఆయతు చదివి కేకలు వేశారు. అప్పుడు హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) వారిని సరిదిద్దారు. ఆ ఆయతు తమ గురించే, అన్సారుల గురించే అవతరించిందనీ, దైవమార్గంలో ఖర్చుపెట్టడం మాని ఆస్తులు చూసుకుంటూ ఇంట్లో కూర్చోవడమే అక్కడ చెప్పిన వినాశమనీ ఆయన వివరించారు. కనుక పిరికితనానికి ఈ ఆయతు రక్షణ కాదు. ఆయతు పదాలు విశాలమైనవే, కారణం లేకుండా ప్రాణాన్ని పారేసుకోవడం వాటి పరిధిలోకి వస్తుందని పండితులు చెప్పారు. కాని ప్రమాదం ఉంది అన్నంతమాత్రాన హరామ్ అనేస్తే, మన మత్స్యకార సోదరులు పొద్దున్నే సముద్రం మీదికి ఎలా పోవాలి?

అయితే ప్రాణం మన సొంత ఆస్తి కాదు, అమానత్. దీనికి ఒక అందమైన సంఘటన ఉంది. జాతుస్సలాసిల్ దండయాత్రలో హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) నాయకులు. ఒక రాత్రి ఎముకలు కొరికే చలి. ఆయనకు స్నానం విధి అయింది. ఆ చలిలో స్నానం చేస్తే చనిపోతానేమోనని భయపడి తయమ్ముమ్ చేసి నమాజు చేయించారు. తిరిగి వచ్చాక సహచరులు ఈ సంగతి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం)కు విన్నవించారు. ఆయన (స) అడిగినప్పుడు అమ్ర్ (రజి) తమను తాము చంపుకోవద్దన్న సూరహ్ నిసా ఆయతును గుర్తుచేశారు. దైవప్రవక్త (స) నవ్వారు, ఏమీ అనలేదు. చలిని లెక్కలోకి తీసుకోవడం ఈమాన్ బలహీనత కాదని ఆ చిరునవ్వు మనకు చెబుతోంది. (మంచు కొండల్లో వజూ ఎలా అని అడిగే యువకులకు కూడా ఇందులోనే జవాబుంది. నీళ్ళు వేడి చేసుకునే వీలుంటే వజూ చేయాలి. వీలులేక, హాని జరుగుతుందన్న నిజమైన భయముంటే తయమ్ముమ్. బద్ధకానికి ఆ సౌకర్యం లేదు.)

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సంఘటన మరొకటి హదీసుల్లో ఉంది. ప్రయాణంలో ఒకతని తలకు రాయి తగిలి గాయమైంది. ఆ తర్వాత స్నానం విధి అయింది. తనకు తయమ్ముమ్ చెల్లుతుందా అని తోటివారిని అడిగాడు. నీళ్ళున్నాయి కదా, చెల్లదు అన్నారు వాళ్ళు. స్నానం చేశాడు, చనిపోయాడు. ఈ కబురు విని దైవప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు. అతన్ని వాళ్ళే చంపారన్నారు. తెలియనప్పుడు అడిగి తెలుసుకోవలసింది, అజ్ఞానానికి మందు అడగడమే అన్నారు. గమనించండి, ఆ సహచరులు దుర్మార్గులు కారు. కత్తి ఎత్తలేదు. తెలియని విషయంలో తేలిగ్గా ఒక మాట అన్నారు, అంతే. కొండ మీద ఒకడు తల పట్టుకొని కూర్చుంటే, ఏం కాదు లేరా, ఇంకో గంట నడిస్తే అయిపోతుంది అని భుజం తట్టే స్నేహితులు ఈ హదీసును ఒకసారి చదువుకోవాలి.

తెలిసినవాడిని వెంట తీసుకుపోవడం కూడా సున్నతే. హిజ్రత్ ప్రయాణంలో దైవప్రవక్త (స), హజ్రత్ అబూ బక్ర్ (రజి) సౌర్ కొండ గుహ నుంచి మదీనాకు పోవడానికి దారులు బాగా తెలిసిన ఒక వ్యక్తిని కూలికి కుదుర్చుకున్నారు. అతను ముస్లిం కాదు, ఖురైషుల మతం మీదే ఉన్నాడు. అయినా తమ ఒంటెలనూ, తమ ప్రాణాలనూ అతని చేతికి అప్పగించారు. దారి విద్య దారి తెలిసినవాడిదే. నేపాల్ ప్రభుత్వం 2023 ఏప్రిల్ 1 నుంచి విదేశీ ట్రెక్కర్లు గైడు లేకుండా వెళ్ళకూడదని నిబంధన పెట్టినప్పుడు కొందరు విసుక్కున్నారు. ఒంటరిగా నడిచే స్వేచ్ఛ పోయిందన్నారు. ఆ విసుగు నాకు అర్థం కాదు.

ఇంతవరకు చెప్పింది ఒక మనిషి, అతని ప్రాణం గురించి. కష్టమైన భాగం ఇక్కడి నుంచి మొదలవుతుంది. కొండ దారిలో ఎవరూ నిజంగా ఒంటరిగా ఉండరు.

వెనక్కి తిరగడం అనే విషయాన్ని చూడండి. కొండల్లో చావులకు మంచు ఒక కారణమైతే, వెనక్కి తిరగలేని మనసు మరొక కారణం. సెలవు పదిహేను రోజులే. డబ్బు ముందే కట్టేశారు. తిరుగు ప్రయాణం టిక్కెట్టు తేదీ మారదు. వెళ్ళే ముందే బంధువులందరికీ చెప్పేశారు. ఇవన్నీ కలిసి మనిషిని వెనక నుంచి తోస్తాయి. మబ్బు కమ్మినా, తల తిరిగినా, ఇంత దూరం వచ్చాం కదా అనిపిస్తుంది. భూమి మీద విర్రవీగుతూ నడవవద్దని, నీవు కొండలంత ఎత్తుకు చేరలేవని సూరహ్ బనీ ఇస్రాయీల్ హెచ్చరించింది. కొండ ఎక్కేవాడికి ఇంతకంటే సూటిగా తగిలే మాట మరొకటి నాకు తెలియదు.

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా సిరియాకు బయలుదేరి సర్గ్ అనే చోటికి చేరారు. అక్కడ ప్లేగు వ్యాపించిందన్న వార్త ఎదురైంది. ఆయన ముహాజిర్లను సంప్రదించారు, భిన్నాభిప్రాయాలు వచ్చాయి. అన్సారులను సంప్రదించారు, అక్కడా అంతే. చివరికి ఖురైష్ పెద్దలను పిలిస్తే వారంతా ఒకే మాటగా వెనక్కి పొమ్మన్నారు. తెల్లవారి తిరుగు ప్రయాణమని ప్రకటించారు. సైన్యాధిపతి హజ్రత్ అబూ ఉబైదా (రజి)కి ఇది నచ్చలేదు. అల్లాహ్ విధి నుంచి పారిపోతున్నారా అని అడిగారు. అవును, అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే అని ఉమర్ (రజి) జవాబిచ్చారు. ఒక లోయలో ఒక వాలు పచ్చగా, ఇంకొక వాలు బీడుగా ఉంటే, ఒంటెలను ఎటు మేపినా అది అల్లాహ్ విధి ప్రకారమే కదా అని వివరించారు. ఆ తర్వాత హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, ప్లేగు ఉన్న ప్రాంతంలోకి పోవద్దని, తామున్న చోట అది వస్తే అక్కడి నుంచి పారిపోవద్దని దైవప్రవక్త (స) చెప్పగా తాను విన్నానని తెలిపారు.

ఈ సంఘటన మనకు కంఠస్థమే. సాధారణంగా ఇక్కడితో ఆపేస్తాం. తర్వాత జరిగింది కూడా చూడాలి. అబూ ఉబైదా (రజి) సిరియాలో తన సైన్యంతోనే ఉండిపోయారు. ఆయనను బయటికి రప్పించాలని ఉమర్ (రజి) లేఖ రాశారని, ముస్లిముల సైన్యంలో తానూ ఒకడినని, వారిని విడిచి తన ప్రాణం కాపాడుకోలేనని ఆయన వినయంగా తిరస్కరించారని చరిత్రకారులు రాశారు. అదే ప్లేగులో ఆయన మరణించారు. ఒకరు వెనుదిరిగారు, ఒకరు ఉండిపోయారు. ఎవరి నిర్ణయం తప్పు? నా దృష్టిలో ఇద్దరూ చేసింది ఒకటే. ఉమర్ (రజి) తన వెంట ఉన్న వారందరి కోసం వెనక్కి తిరిగారు. అబూ ఉబైదా (రజి) తన వెంట ఉన్న వారందరితో ఉండిపోయారు. తన ఒక్కడి ప్రాణాన్ని విడిగా తూచి చూసుకున్నవారు ఇద్దరిలో లేరు.

ఈ తూకం మీద మరొక మరణాన్ని పెట్టి చూద్దాం. హుద్‌హుద్ తుఫానుకు పదిహేడేళ్ళ ముందు, 1997లో, ఇదే థొరాంగ్ లా దారిలో ఒక ట్రెక్కింగ్ బృందానికి సామాను మోస్తున్న నేపాలీ పోర్టరుకు ఎత్తు వల్ల వచ్చే జబ్బు చేసింది. అతను ఇక బరువు మోయలేడని తేలింది. అతనికి రావలసిన కూలీ లెక్కకట్టి ఇచ్చేసి, ఒంటరిగా కిందికి పంపేశారు. అతను బతకలేదు. ఆ మరణం చూసి కదిలిపోయిన కొందరు కలిసి ఇంటర్నేషనల్ పోర్టర్ ప్రొటెక్షన్ గ్రూప్ అనే సంస్థను ఏర్పాటు చేశారు.

ఆ బృందం దొంగల బృందం కాదు. కూలీ ఎగ్గొట్టలేదు. కూలివాడి చెమట ఆరకముందే అతని కూలీ ఇచ్చేయమన్న హదీసు మనందరికీ తెలుసు. మరి వాళ్ళు ఆ హదీసు ప్రకారం నడుచుకున్నట్టేనా? లెక్కల పుస్తకం తెరిచి చూస్తే వారి మీద ఒక్క రూపాయి బాకీ లేదు. ఆ డబ్బు ఇచ్చింది మాత్రం అతని హక్కు తీర్చడానికి కాదు, అతన్ని వదిలించుకోవడానికి. బయటికి ఒకే పని. నియ్యత్ వేరు, ఫలితం వేరు.

కూలీ శ్రమకు వెల. ప్రాణానికి వెల కాదు. మన బరువు తన వీపు మీద వేసుకొని, మన కోసమే అంత ఎత్తుకు వచ్చిన మనిషికి మన మీద రెండు హక్కులున్నాయి. కూలీ హక్కు ఒకటి. రెండోది సూరహ్ నిసా 36వ ఆయతులో ఉంది. తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, పొరుగువారితో పాటు పక్కనుండే సహచరుడితో కూడా మంచిగా మెలగాలని అందులో ఆదేశముంది. ఆ సహచరుడంటే ప్రయాణంలో తోడున్నవాడని వ్యాఖ్యాతల్లో పలువురు చెప్పారు. తోడున్నవాడు ముస్లిమై ఉండాలన్న షరతు అక్కడ లేదు. డబ్బు తీసుకోకుండా వచ్చినవాడై ఉండాలన్న షరతూ లేదు. కూలీ ఇచ్చేయగానే మొదటి హక్కు తీరుతుంది. రెండోది ప్రయాణం ముగిసి, అతను క్షేమంగా కిందికి చేరేవరకు మన మెడ మీదే ఉంటుంది.

పోర్టర్ల గురించి ఒక అపోహ కూడా ఉంది. వాళ్ళు కొండజాతి వాళ్ళు, ఎత్తులు వాళ్ళకు అలవాటే అనుకుంటాం. నిజానికి వారిలో చాలామంది దిగువ కొండల్లోని పేద రైతులు. పొలం పని లేని రోజుల్లో కూలికి వస్తారు. 5,000 మీటర్ల గాలి వారికీ కొత్తే. మీకూ నాకూ వచ్చే తలనొప్పి వారికీ వస్తుంది. కాని ఆ రోజు కూలీ పోతుందని బయటికి చెప్పరు. ఈ దాపరికంలో ఎంత బాధ ఉందో బిడ్డలున్న పేదవాడికి వేరే చెప్పనక్కరలేదు.

ఆ సంస్థ రాసుకున్న నియమాలు చదివితే, అవి ఏ మత గ్రంథం చూసి రాసినవి కాకపోయినా, మన మనసుకు పరిచయమైన మాటల్లాగే అనిపిస్తాయి. పోర్టరుకు ఆ ఎత్తుకు, ఆ చలికి సరిపోయే దుస్తులుండాలి. రాత్రి తలదాచుకునే చోటు, వెచ్చని తిండి ఉండాలి. జబ్బు చేస్తే ట్రెక్కర్లకు చేసే చికిత్సే అతనికీ చేయాలి. జబ్బుపడిన పోర్టరు స్థితిని జాగ్రత్తగా చూడకుండా కూలీ ఇచ్చి పంపేయకూడదు. ఎట్టి పరిస్థితిలోనూ ఒంటరిగా పంపకూడదు. అతని భాష తెలిసిన ఒకరిని తోడివ్వాలి, జబ్బు వివరాలు రాసిన కాగితం ఇవ్వాలి, చికిత్సకు సరిపడా డబ్బు ఇవ్వాలి. సేవకులు మీ సోదరులే, మీరు తినేదే వారికి పెట్టండి, మీరు తొడిగేదే తొడిగించండి, శక్తికి మించిన పని చెప్పవద్దు, చెబితే మీరూ చేయి వేయండి అన్న భావంతో ఉన్న హదీసును హజ్రత్ అబూ జర్ (రజి) ఉల్లేఖించారు. పద్నాలుగు వందల ఏళ్ళనాటి ఆ మాటను మనం మింబర్ మీద చదువుతున్నాం. వాళ్ళు కొండ మీద అమలు చేయించడానికి పాటుపడ్డారు.

అలాగైతే పోర్టరునే పెట్టుకోకుండా ఎవరి బరువు వారు మోసుకుంటే సరి కదా అని కొందరు అంటారు. బలమున్నవారు మోసుకోవచ్చు, మంచిదే. కాని దాన్ని ధర్మం చేసేస్తే ఆ కొండ పల్లెల్లో పొయ్యి వెలగడం మానేస్తుంది. కూలీ ఇవ్వడం తప్పు కాదు. బద్ర్ ప్రయాణంలో ముగ్గురికి ఒక ఒంటె చొప్పున వచ్చింది. దైవప్రవక్త (స)తో పాటు హజ్రత్ అలీ (రజి), హజ్రత్ అబూ లుబాబా (రజి) ఉన్నారు. ఆయన (స) నడిచే వంతు వచ్చినప్పుడు, తమరు ఎక్కి ఉండండి, మీ బదులు మేము నడుస్తాం అన్నారు వారిద్దరూ. మీరిద్దరూ నాకంటే బలవంతులేమీ కారు, పుణ్యం అవసరం మీకంటే నాకేమీ తక్కువ కాదు అన్న అర్థం వచ్చేలా జవాబిచ్చి ఆయన (స) తన వంతు నడిచారు. ఆ ముగ్గురి మధ్య ఒక్కటే ఒంటె, ఒక్కటే దూరం, ముగ్గురికీ సమానమైన వంతు.

ఇది నేపాల్ కొండల మాట మాత్రమే అనుకోకండి. మన ఇంట్లో పనిచేసే ఆమెకు జ్వరమొస్తే, ఈ నెల డబ్బులు ఇచ్చేసి, నయమయ్యాక కనిపించమని తలుపు దగ్గర నుంచే పంపేస్తాం. ఎవరికీ బాకీ లేమని మనసు తేలికపడుతుంది. ఆమెను ఆసుపత్రికి ఎవరు తీసుకుపోయారో మనకు తెలియదు. మన వీధిలో కనుమలు లేవు కాబట్టి ఆ మరణాలు పత్రికల్లో రావు.

కనుక, అబ్బాయి కొండలకు వెళతానంటున్నాడు, ధర్మసమ్మతమేనా అని అడిగే తల్లిదండ్రులకు నేను అవును అని గానీ కాదు అని గానీ వెంటనే చెప్పను. అబ్బాయిని కూడా రమ్మంటాను. కొన్ని ప్రశ్నలు అడుగుతాను. ఇంట్లో అతని మీద ఆధారపడినవారు ఎవరు, వారి ఖర్చుకు ఏర్పాటు చేశాడా, అప్పులున్నాయా, తల్లి మనస్ఫూర్తిగా ఒప్పుకుందా. ఇవి ప్రతి ప్రయాణానికీ ఉండే ప్రశ్నలే, తొందరగానే అయిపోతాయి. తర్వాత వాతావరణం కబురు ఏ రోజు, ఎవరి ద్వారా అందుతుంది అని అడుగుతాను. ఎక్కడెక్కడ ఎన్ని రాత్రులు ఆగుతున్నాడు, తిరుగు టిక్కెట్టుకు ముందు రెండు మూడు రోజులు ఖాళీ ఉంచాడా లేదా. ఖాళీ ఉంచనివాడు వెనక్కి తిరగడానికి సిద్ధపడి వెళ్ళడం లేదు.

ముగ్గురు ప్రయాణమైతే ఒకరిని అమీర్‌గా చేసుకోమని దైవప్రవక్త (స) చెప్పారు. బృందంలో అమీర్ ఎవరని అడుగుతాను. యువకులు ఇక్కడ నవ్వుతారు, మేమంతా స్నేహితులమే అంటారు. మబ్బు పట్టిన ఉదయం నలుగురు పోదామని, ఇద్దరు వద్దని అన్నప్పుడు ఎవరి మాట చెల్లుతుందో బేసిసహర్‌లో బస్సు దిగకముందే తేల్చుకోవాలి. కనుమ కింద చీకట్లో, చలిలో, సగం గాలితో ఆ చర్చ జరగదు. ఉమర్ (రజి) కూడా సంప్రదింపులు ప్లేగు నేలలో అడుగుపెట్టిన తర్వాత చేయలేదు, సరిహద్దు దగ్గరే చేశారు.

చివరిగా, బరువు మోసేవారి గురించి అడుగుతాను. ఎన్ని కిలోలు మోయిస్తున్నారు? వారికి మంచులో నడిచే బూట్లున్నాయా, లేక చెప్పులతో వస్తున్నారా? ఫేదీలో మీరు గదిలో దుప్పట్లు కప్పుకొని పడుకున్న రాత్రి వారు ఎక్కడ పడుకుంటారు? వారిలో ఒకరికి జబ్బు చేస్తే మీలో ఎవరు వెంట దిగుతారు? ఈ ప్రశ్నలకు ఆ అబ్బాయి దగ్గర సాధారణంగా జవాబు ఉండదు. ఏజెన్సీ వాళ్ళు చూసుకుంటారు అంటాడు. అయితే ఏజెన్సీకి ఫోను చేసి అడిగి రమ్మని పంపుతాను. వాళ్ళు చెప్పిన జవాబు విన్న తర్వాతే నా జవాబు చెబుతాను.